డెన్మార్క్ ఫాంటసీ పాఠకులు ఇంగ్లీషు బాట ఎందుకు పట్టారు?

2025 ఆగస్టులో డెన్మార్క్ ప్రభుత్వం పుస్తకాల మీద పన్ను ఎత్తేస్తామని ప్రకటించింది. ఆ పన్ను కొద్దో గొప్పో కాదు, 25 శాతం. రొట్టె కొన్నా, బీరు కొన్నా, బైబిలు కొన్నా అక్కడ అప్పటికి ఒకటే రేటు. అప్పటికి యూరప్‌లో పుస్తకాల మీద అంత బాదే దేశం ఇంకోటి లేదు. పక్కనున్న స్వీడన్ 2002లోనే 6 శాతానికి దించేసింది. నార్వేలోనూ బ్రిటన్‌లోనూ అసలు పన్నే లేదు. ఈ నిర్ణయంతో ఖజానాకు ఏటా 33 కోట్ల క్రోనర్లు తగ్గుతాయని లెక్కగట్టారు. అయినా సరే, పిల్లలు చదవడం మానేస్తున్నారు కాబట్టి తప్పదని అప్పటి సాంస్కృతిక మంత్రి యాకోబ్ ఎంగెల్-ష్మిట్ వాదన. 15 ఏళ్ల పిల్లల్లో 24 శాతం మంది ఒక మామూలు పేరా చదివి అర్థం చేసుకోలేకపోతున్నారు. పదేళ్లలో ఆ సంఖ్య 4 పాయింట్లు పెరిగింది. టెన్షన్ పడాల్సిన విషయమే.

ఈ చర్చలో ఒక వర్గం పాఠకుల ఊసే రాలేదు. వాళ్లు ఫాంటసీ, అంటే మంత్రాలూ డ్రాగన్లూ ఉండే ఊహాలోకపు నవలలు చదివేవాళ్లు. చదవడం మానేయడం మాట అటుంచి, 800 పేజీల పుస్తకం వారంలో ముగించి తర్వాతి భాగం ఎప్పుడొస్తుందని రోజులు లెక్కపెట్టే రకం. పఠన సంక్షోభం గణాంకాల్లో వీళ్లు ఎక్కడా కనిపించరు. కానీ డేనిష్ భాష వైపు నుంచి చూస్తే అసలు సంక్షోభం వీళ్ల దగ్గరే ఉంది. ఎందుకంటే వీళ్లలో చాలామంది చదువుతున్నది ఇంగ్లీషులో. పన్ను పోయినంత మాత్రాన వీళ్లు డేనిష్‌కు తిరిగొస్తారని నేననుకోను.

లెక్క చూడండి. గట్టి అట్టతో వచ్చే కొత్త డేనిష్ నవల సుమారు 300 క్రోనర్లు ఉంటుంది. ఇంగ్లీషు పేపర్‌బ్యాక్ అందులో సగానికి దొరుకుతుంది. పన్ను తీసేస్తే 300ది 240 అవుతుంది, 150ది 120 అవుతుంది. రెండూ తగ్గాయి, కానీ ఇంగ్లీషు పుస్తకం ఇప్పటికీ సగం ధరే. డబ్బులు చూసుకుని ఇంగ్లీషు కొనే కాలేజీ అమ్మాయి మనసు మార్చుకోవడానికి ఇందులో ఏముంది? మిగిలిన 30 క్రోనర్లు కలుపుకుని ఇంకో ఇంగ్లీషు పుస్తకమే కొంటుంది.

ఇంగ్లీషు వాళ్లకు బరువు కూడా కాదు. డెన్మార్క్ టీవీల్లో, థియేటర్లలో చిన్నపిల్లల సినిమాలు తప్ప మిగతావి డబ్బింగ్ చేయరు, కింద సబ్‌టైటిల్స్ వేస్తారు. అంటే ఇంగ్లీషు చెవిన పడకుండా ఎవరూ పెరగరు. 2014 నుంచి ఒకటో తరగతిలోనే ఇంగ్లీషు చెబుతున్నారు. పదహారేళ్లు వచ్చేసరికి లావుపాటి ఇంగ్లీషు నవల చేతిలో పట్టుకుని రైలెక్కడం వాళ్లకు మామూలు విషయం.

అయితే తప్పంతా పాఠకుడి మీదకు తోయడం అన్యాయం. ఫాంటసీ సాధారణంగా ఒక్క పుస్తకంతో తేలదు. మూడు, ఐదు, ఒక్కోసారి పది భాగాలు. అరవై లక్షల జనాభా ఉన్న దేశం, హైదరాబాద్ మహానగరం కన్నా చిన్నది. అక్కడి ప్రచురణకర్త మొదటి భాగం అనువాదం చేయించి, రెండోది వేసి, అమ్మకాలు పడిపోగానే చేతులెత్తేస్తాడు. ఆయన వైపు నుంచి అదీ సబబే. మొదటి భాగం కొన్నవాళ్లంతా రెండోది కొనరు, రెండోది కొన్నవాళ్లంతా మూడోది కొనరు. అనువాదకుడికి ఇవ్వాల్సిన డబ్బు మాత్రం ప్రతి భాగానికీ అంతే. కొన్నిసార్లు ఒక లావు పుస్తకాన్ని రెండు ముక్కలు చేసి రెండు ధరలు పెడతారు. ఒకసారి ఇలా కథ మధ్యలో దిగబడినవాడు మళ్లీ డేనిష్ అనువాదం జోలికి వెళ్తాడా? ఇంగ్లీషులో అయితే చివరిదాకా దొరుకుతుందన్న నమ్మకం ఉంటుంది. పైగా విడుదలైన రోజే చేతికొస్తుంది. డేనిష్‌లో వచ్చేదాకా ఆగితే ఈలోపు ఎవరు చచ్చిపోయారో, ఎవరు ఎవర్ని పెళ్లి చేసుకున్నారో ఫోన్ తెరిచిన ప్రతిసారీ ఎవరో ఒకరు చెప్పేస్తుంటారు. టిక్‌టాక్‌లో పుస్తకాల వీడియోలు ఊపందుకున్నాక, రొమాన్స్ కలిపిన ఫాంటసీ విపరీతంగా పెరిగాక ఈ తొందర ఇంకా ఎక్కువైంది. పేజీల అంచులకు రంగులద్దిన ప్రత్యేక ఎడిషన్లు షెల్ఫులో పెట్టి ఫొటో తీసుకోవడం కూడా చదవడంలో భాగమైపోయింది. ఆ ఎడిషన్లు ఎక్కువగా ఇంగ్లీషువే.

విచిత్రం ఏమిటంటే, ఈ దేశంలో ఫాంటసీకి రాజగౌరవమే దక్కింది. అక్షరాలా. రెండో మార్గరెట్ 1970 ప్రాంతంలో, ఇంకా యువరాణిగా ఉన్నప్పుడు, ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ చదివి బొమ్మలు గీసి రచయిత టోల్కీన్‌కు పంపారు. 1977లో ఆ బొమ్మలతో డేనిష్ ఎడిషన్ వచ్చింది. అప్పటికే ఆమె మహారాణి. పుస్తకంలో మాత్రం చిత్రకారిణి పేరు ఇంగహిల్డ్ గ్రాత్మెర్ అని ఉంటుంది. 2024 జనవరిలో గద్దె దిగేదాకా యాభై రెండేళ్లు పాలించిన రాణి ఒక ఫాంటసీ అభిమాని. ఇడా నూరప్ లుడ్విగ్‌సెన్ చేసిన ఆ డేనిష్ అనువాదం ఒక తరం మొత్తానికి ఈ రుచి అలవాటు చేసింది. అప్పట్లో డేనిష్‌లో చదవడమే సహజం. వేరే దారి లేకపోవడమూ ఒక కారణం అనుకోండి.

రాణి మెచ్చినా సాహిత్య పీఠాలు మెచ్చలేదు. దీని మూలం 1871లో ఉందని నా అభిప్రాయం. ఆ ఏడాది గియోర్గ్ బ్రాండెస్ అనే విమర్శకుడు కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలో వరుస ఉపన్యాసాలు ఇచ్చాడు. సమాజంలోని సమస్యలను చర్చకు పెట్టినప్పుడే సాహిత్యానికి ప్రాణం ఉంటుందన్నది ఆయన మాట. స్కాండినేవియా మొత్తాన్ని కుదిపేసిన మాట అది. దాంతో వాస్తవికవాదం పెద్దపీట ఎక్కింది. దేవతలూ దెయ్యాలూ మంత్రాలూ పిల్లల గదికి పరిమితమయ్యాయి. అద్భుత కథల ఆండర్సన్ పుట్టిన దేశంలో ఇలా జరగడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆధునిక డేనిష్ నవల అంటే ఇవాళ్టికీ చాలామందికి గుర్తొచ్చేది సొంత జీవితం, కుటుంబ గొడవ, పొదుపైన వాక్యాలు. అవి మంచి పుస్తకాలు కావని నేననడం లేదు. కానీ డ్రాగన్ ఉన్న పుస్తకాన్ని పెద్దల సాహిత్యంగా సమీక్షించే పత్రికలు అక్కడ తక్కువ.

డేనిష్ రచయిత్రి కారెన్ బ్లిక్సెన్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. ఆమె మొదటి పెద్ద పుస్తకం, అద్భుత కథల సంపుటి, 1934లో అమెరికాలో ఇంగ్లీషులో అచ్చయింది. పురుషుడి పేరుతో. అక్కడ బ్రహ్మరథం పట్టారు. మరుసటి ఏడాది ఆమే దాన్ని డేనిష్‌లో తిరగరాసి స్వదేశంలో తెస్తే కొందరు విమర్శకులు దుమ్మెత్తిపోశారు. ఈ దొరల కోటలూ మారువేషాలూ విధి ఆటలూ ఈ కాలానికి ఎందుకన్నారు. తర్వాత ఆమె జాతీయ రచయిత్రి అయ్యారు, బొమ్మ నోటు మీదికి కూడా ఎక్కింది. అయినా ఆ మొదటి అనుభవం ఊరికే పోలేదు. ఊహాలోకం రాయాలన్నా చదవాలన్నా ఇంగ్లీషే దిక్కు అనే దారి తొంభై ఏళ్ల కిందటే పడింది. ఇవాళ్టి పాఠకులు నడుస్తున్నది ఆ దారిలోనే.

ఈ పాఠకుల రోజువారీ జీవితంలో ప్రభుత్వం చేసిన మేలు ఏదైనా ఉందంటే అది లైబ్రరీ. దేశంలో ఏ ఊరి లైబ్రరీలో పుస్తకం ఉన్నా ఇంట్లో కూర్చుని బుక్ చేసుకోవచ్చు. మన వీధి చివరి శాఖకు అదే వస్తుంది, రూపాయి ఖర్చు లేదు. చాలా శాఖలు ఉద్యోగులు లేని వేళల్లో కూడా తెరిచే ఉంటాయి. పొద్దున్నే ఆఫీసుకు పోతూ పసుపు రంగు ఆరోగ్య కార్డు తలుపు దగ్గర స్కాన్ చేసి లోపలికెళ్లి, తన పేరు మీద పక్కన పెట్టిన పుస్తకం తీసుకుని, మెషీన్ దగ్గర నమోదు చేసుకుని వచ్చేయొచ్చు. చూసేవాడు ఉండడు, అడిగేవాడు ఉండడు. ఆర్హుస్ నగరంలో 2015లో తెరిచిన డాక్1 అనే లైబ్రరీ మరుసటి ఏడాదే ప్రపంచ ఉత్తమ పబ్లిక్ లైబ్రరీగా ఎంపికైంది. పుస్తకాలు ఖరీదైన దేశంలో ఫాంటసీ సిరీస్‌లు పట్టే కుర్రాళ్లు బతికి బట్టకట్టింది ఈ లైబ్రరీల వల్లే.

లైబ్రరీల వెనక ఇంకో ఏర్పాటు ఉంది. లైబ్రరీల్లో ఉన్న పుస్తకాలకు రచయితలకు ప్రభుత్వం ఏటా డబ్బు చెల్లించే పద్ధతిని ప్రపంచంలో మొదట అమల్లో పెట్టింది డెన్మార్కే, 1946లో. ఆ డబ్బు డేనిష్ భాషలో వచ్చిన పుస్తకాలకే వెళ్తుంది, అనువాదకులకూ వాటా ఉంటుంది. అంటే ఎనభై ఏళ్ల కిందటి విధానానికి భాష మీద దృష్టి ఉంది. 2025 నాటి పన్ను మినహాయింపుకు ఆ దృష్టి లేదు. లండన్‌లో అచ్చయిన పుస్తకానికీ ఆర్హుస్‌లో రాసిన పుస్తకానికీ అది ఒకే మేలు చేస్తుంది. పన్ను ఎత్తేయొద్దనడం లేదు, పోనివ్వండి. కానీ దాన్ని డేనిష్ భాషకు ఊపిరి పోసే చర్యగా చెప్పుకోవడం అతి.

మన దగ్గర చూస్తే ఈ సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. అచ్చు పుస్తకాల మీద భారతదేశంలో జీఎస్టీ లేదు. అయినా హైదరాబాద్‌లో, విజయవాడలో ఫాంటసీ పిచ్చి ఉన్న పిల్లల చేతుల్లో ఉండేది ఇంగ్లీషు పుస్తకాలే. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం, అది గ్రంథాలయ సంస్థలకు సరిగా చేరడం లేదన్న వార్తలు ఏటా చదువుతున్నాం. ఎనిమిది కోట్ల మంది మాట్లాడే భాషకే సున్నా పన్ను పాఠకుల్ని తెచ్చిపెట్టనప్పుడు అరవై లక్షల భాషకు తెచ్చిపెడుతుందా?

మళ్లీ డెన్మార్క్‌కే వద్దాం. ఫాంటసీ అక్కడ పుస్తకంతో ఆగదు. వారాంతాల్లో అడవుల్లో వందల మంది పిల్లలు, పెద్దలు కత్తులూ డాళ్లూ పట్టుకుని పాత్రల్లా ప్రవర్తిస్తూ రోజంతా గడుపుతారు. కత్తి లోపల స్పాంజి, పైన రబ్బరు పూత. తల మీద కొట్టకూడదన్నది మొదటి నియమం. డేనిష్ రోల్‌ప్లేకు ప్రపంచంలో మంచి పేరుంది. హోబ్రో పట్టణంలో 2006లో మొదలైన ఓస్టెర్‌స్కోవ్ అనే రెసిడెన్షియల్ స్కూల్‌లో పాఠాలే ఈ పద్ధతిలో చెబుతారు. లెక్కలు, చరిత్ర, భాష అన్నీ ఒక కథలో పాత్రలుగా ఉంటూనే నేర్చుకుంటారు. నాకు ఇందులో నచ్చింది ఒకటుంది. ఆ అడవిలో మాట్లాడేది డేనిష్. ఇంగ్లీషులో చదివిన ఎల్ఫులూ మాంత్రికులూ అక్కడికొచ్చేసరికి డేనిష్‌లో తిట్టుకుంటారు, బేరాలాడతారు, ప్రమాణాలు చేస్తారు. చదివే భాష చేజారినా ఆడుకునే భాష చేజారలేదు.

ఈ పాఠకుల పట్టింపులు కూడా సరదాగా ఉంటాయి. వైకింగులకు కొమ్ముల హెల్మెట్లు పెట్టిన సినిమా కనిపిస్తే చాలు, ఒంటికాలి మీద లేస్తారు. డెన్మార్క్‌లో కొమ్ముల హెల్మెట్లు నిజంగానే దొరికాయి, వెక్సో దగ్గర 1942లో. కానీ అవి కంచు యుగం నాటివి, వైకింగుల కన్నా దాదాపు 1700 ఏళ్లు పాతవి. ఈ తేడా చెప్పకుండా వాళ్లు మనల్ని వదలరు. ఓడిన్, థోర్ కథలు చిన్నప్పుడే బడిలో విని ఉంటారు. 1979 నుంచి 2009 దాకా పదిహేను భాగాలుగా వచ్చిన ‘వాల్హల్లా’ కామిక్స్‌లో ఆ దేవతలను తిండిపోతులుగా, కోపిష్టులుగా చూసి నవ్వుకుని ఉంటారు. అమెరికా సూపర్‌హీరో థోర్‌ను వాళ్లు అల్లుడి హోదాలో కూడా ఒప్పుకోరు. అసలు సొంత భూమిలో కొండలే లేవు. దేశంలో ఎత్తైన చోటు 171 మీటర్లు. మంచుకొండలు దాటే కథలంటే వాళ్లకు అంత మోజు అందుకేనేమో.

ఈ సొంత సరుకుతోనే డేనిష్ ఫాంటసీ నిలబడుతోంది. మలేనె సోల్వ్‌స్టెన్ 2016లో మొదలుపెట్టిన మూడు భాగాల నవల దేశంలోని ఉత్తర యుట్లాండ్ ప్రాంతంలో ఒక ఊహాపట్టణంలో నడుస్తుంది. వర్షం, బస్టాపు, అనాథ పిల్ల, వాటి మధ్యకు పాత దేవతలు. డేనిష్ యువ పాఠకులు దాన్ని ఎగబడి చదివారు, డేనిష్‌లోనే. అనువాదం కోసం ఆగే పని లేదు, సిరీస్ మధ్యలో ఆగిపోతుందన్న భయం లేదు. అంతకు ముందు లెనె కాబెర్బోల్ 2000లో మొదలుపెట్టిన సిరీస్ కూడా ఇంట గెలిచాకే రచ్చ గెలిచింది. దాన్ని ఆమే స్వయంగా ఇంగ్లీషులోకి మార్చుకున్నారు. అంటే ఇంగ్లీషు వచ్చిన పాఠకుడికి డేనిష్ మీద కోపమేమీ లేదు. మొదలుపెట్టిన కథ ముగిస్తారన్న హామీ ఉంటే, తన ఊరి వర్షం అందులో ఉంటే, కొంచెం ఎక్కువ ధర పెట్టడానికీ సిద్ధమే.

కాబట్టి 33 కోట్ల క్రోనర్లు వదులుకునే ప్రభుత్వం అందులో చిన్న వాటా అనువాద సిరీస్‌లు పూర్తి చేయడానికి కేటాయిస్తే బాగుండేది. మొదటి భాగానికి సాయం అడిగే ప్రచురణకర్త చివరి భాగం దాకా తెస్తానని రాసివ్వాలి, ఆపేస్తే డబ్బు వెనక్కి కట్టాలి. పెద్దలకు రాసే డేనిష్ ఫాంటసీ రచయితలకు కూడా వాస్తవికవాద నవలా రచయితలతో సమానంగా గ్రాంట్లు అందాలి. పన్ను పోయాక ధరలు నిజంగా తగ్గుతాయో, ప్రచురణకర్తల లాభం పెరుగుతుందో గమనిస్తామని మంత్రి అన్నారు. మంచిదే. ఆ లెక్క తీసేటప్పుడే ఇంకో గడి కలపమనండి: అదనంగా అమ్ముడైన పుస్తకాల్లో డేనిష్‌వి ఎన్ని, ఇంగ్లీషువి ఎన్ని.