బొమ్మల పుస్తకంలో వేప ఎప్పుడు ఆకు రాల్చాలి?
నాలుగు రుతువుల బొమ్మల పుస్తకం ఒక్కటుంటే పిల్లలకు చెట్ల సంగతి అర్థమైపోతుందని ఒక వ్యాసంలో చదివాను, ఒప్పుకోలేను. అలాంటి పుస్తకాల్లో అక్టోబరులో ఆకులు ఎర్రబడి రాలతాయి, డిసెంబరులో మంచు పడుతుంది. మన దగ్గర అక్టోబరులో తంగేడు విరగబూసి ఉంటుంది. వేప ఆకు రాల్చేది ఫిబ్రవరి, మార్చిలో. ఉగాదికల్లా లేత ఎర్ర చిగురు, ఆ వెంటే పూత. మోదుగ ఆకులన్నీ రాల్చాకే పూస్తుంది. మామిడి అసలు మోడు కాదు. పుస్తకం మూసి కిటికీలోంచి చూసిన పిల్లకు ఇవేవీ కలవవు, పాపం చెట్టుకే ఏదో అయిందనుకుంటుంది. అందుకే పుస్తకంతో పాటు ఇంటి దగ్గరి చెట్టు ఒకటి ఎంచుకోండి. ఒక కొమ్మకు రంగు దారం వదులుగా కట్టి, పదిహేను రోజులకోసారి అదే కొమ్మను గీయించండి. ఏడాదికి 24 పేజీలు. కొమ్మ మారితే పోలిక పోతుంది. ఆకులు కూడా అంటిద్దామంటే పాత పేపర్ మడతల్లో పెట్టి పైన బరువు ఉంచాలి, రెండు రోజులకోసారి పేపర్ మార్చాలి. మార్చకపోతే తేమ నిలిచి బూజు పడుతుంది. బాదం ఆకు మందం, ఆరడానికి పది రోజులైనా పడుతుంది. కానీ రాలేముందు ఎర్రబడే ఆకును చూపించడానికి మన వీధుల్లో అంతకంటే మంచి చెట్టు లేదు.