బ్లైనా గ్వెంట్ ఓటర్లు మహిళను కాదన్నారా? పీటర్ లా గెలుపుపై ఒక ప్రచారానికి ఖండన

బ్రిటన్‌లో మహిళలకు సీట్లు కేటాయించే పద్ధతి చర్చకు వచ్చినప్పుడల్లా ఒక కథ ఉదాహరణగా వినిపిస్తుంది. దక్షిణ వేల్స్‌లోని బ్లైనా గ్వెంట్ నియోజకవర్గంలో 2005లో లేబర్ పార్టీ ఒక మహిళకు టికెట్ ఇచ్చిందని, అది గిట్టని పీటర్ లా అనే నాయకుడు సీటు ఆశతో పార్టీని వదిలి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారని, పురుషాధిక్యం పాతుకుపోయిన ఆ బొగ్గుగనుల ప్రాంతం ఆయన జబ్బును చూసి జాలిపడి గెలిపించిందని, ఆయన మరణంతో ఆ ముచ్చట ముగిసిందని ఆ కథ చెబుతుంది. ఇందులో నాలుగు ఆరోపణలున్నాయి. నాలుగూ ఒకే స్థాయి అబద్ధాలు కావు. కొన్నింటిలో కొంత నిజముంది. మొదటిది మాత్రం ఎన్నికల లెక్కల ముందు నిలవదు.

ముందుగా ఎవరూ కాదనని సంగతులు చెప్పుకోవాలి. బ్లైనా గ్వెంట్ అంటే పాత ఎబ్బు వేల్ నియోజకవర్గమే. బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవకు రూపమిచ్చిన అనైరిన్ బెవన్ 1929 నుంచి 1960లో చనిపోయేదాకా, ఆ తర్వాత మైకేల్ ఫుట్ 1992 దాకా అక్కడి నుంచే బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్‌లో కూర్చున్నారు. 2001లో లేబర్ అభ్యర్థి ల్యూ స్మిత్‌కు వచ్చిన మెజారిటీ 19,313. ఆయన మళ్లీ పోటీ చేయనని ప్రకటించాక, అభ్యర్థిని మహిళలు మాత్రమే ఉండే జాబితా నుంచి ఎంచుకోవాలని పార్టీ అధిష్ఠానం నిర్ణయించింది. ఆ జాబితా నుంచి కార్మిక సంఘ నాయకురాలు మ్యాగీ జోన్స్ అభ్యర్థి అయ్యారు. 2005 మే 5న పీటర్ లాకు 20,505 ఓట్లు, ఆమెకు 11,384 ఓట్లు వచ్చాయి. తేడా 9,121. దేశంలోనే లేబర్‌కు అత్యంత భద్రమైన సీట్లలో ఒకటనుకున్న కంచుకోట ఆ ఒక్క రాత్రిలో కూలింది.

ఇక మొదటి ఆరోపణ: ఓటర్లు మహిళను తిరస్కరించారన్నది. దీనికి సమాధానం మరుసటి ఏడాదే అదే ఓటర్లు ఇచ్చారు. 2006 ఏప్రిల్ 25న పీటర్ లా చనిపోయేనాటికి ఆయన కామన్స్ సభలోనూ, వేల్స్ శాసనసభలోనూ సభ్యులే కనుక రెండు సీట్లూ ఖాళీ అయ్యాయి. రెండింటికీ జూన్ 29న ఒకేరోజు ఉప ఎన్నికలు జరిగాయి. కామన్స్ సీటుకు లేబర్ ఈసారి పురుషుణ్ణే నిలబెట్టింది. ఆయన ఓవెన్ స్మిత్. పదేళ్ల తర్వాత అప్పటి లేబర్ నాయకుడు జెరెమీ కార్బిన్‌పై పార్టీ నాయకత్వానికి పోటీ చేసినది ఈయనే. స్వతంత్ర అభ్యర్థి డై డేవిస్‌కు 12,543 ఓట్లు, ఓవెన్ స్మిత్‌కు పది వేల పైచిలుకు ఓట్లు వచ్చాయి. శాసనసభ సీటులో కథ మరింత స్పష్టం: అక్కడ లేబర్ తరఫున నిలబడ్డది పురుషుడు, ఆయనను ఓడించింది ఒక మహిళ, పీటర్ లా భార్య ట్రిష్ లా. ఆమె 2007 సాధారణ ఎన్నికల్లోనూ మళ్లీ గెలిచారు. మహిళ కాబట్టి ఓటు వేయలేదన్న వాదనే నిజమైతే, ఒకే రోజు, అవే పోలింగ్ కేంద్రాలలో, ఒక చోట మగ అభ్యర్థిని ఓడించడానికీ, మరో చోట మహిళను మగవాడి మీద గెలిపించడానికీ కారణం ఏమిటో ఆ వాదన చేసేవారు చెప్పాలి.

ఈ వాదన వినిపించేవారు పక్క నియోజకవర్గాల వైపు కూడా చూడరు. అదే 2005 ఎన్నికల్లో, అదే దక్షిణ వేల్స్‌లో, న్యూపోర్ట్ ఈస్ట్ నుంచి జెస్సికా మోర్డెన్, బ్రిడ్జెండ్ నుంచి మడలిన్ మూన్, లానెల్లి నుంచి నియా గ్రిఫిత్, స్వాన్సీ ఈస్ట్ నుంచి షాన్ జేమ్స్ లేబర్ అభ్యర్థులుగా మొదటిసారి గెలిచారు. ఉక్కు, బొగ్గు, ఓడరేవుల ఊళ్లే అవన్నీ.

అలాగని మహిళల జాబితా అనే పద్ధతే తప్పని చెప్పడం నా ఉద్దేశం కాదు. 1997 ఎన్నికలకు ముందు వేల్స్ మొత్తం నుంచి కామన్స్ సభకు ఎన్నికైన మహిళలు నలుగురంటే నలుగురే. ఆ పద్ధతి చట్టవిరుద్ధమని 1996లో ఒక ట్రిబ్యునల్ తీర్పునిస్తే, దాన్ని అనుమతించడానికి 2002లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. 2003లో వేల్స్ శాసనసభలో 60 మందిలో 30 మంది మహిళలు కూర్చోవడం వెనుక లేబర్ తీసుకున్న ఇలాంటి చర్యల ఫలితం ఉంది. పీటర్ లా ఈ పద్ధతిని వ్యతిరేకించిన మాటా నిజమే; ఆ వ్యతిరేకతతో నేను పూర్తిగా ఏకీభవించను. అయితే నాయకుడికి ఉన్న అభిప్రాయం వేరు, ఓటరు తీర్పుకు కారణం వేరు. అక్కడివారికి కోపం తెప్పించింది అభ్యర్థి స్త్రీ కావడం కన్నా, ఆ నిర్ణయం తమ మీద రుద్దడం. అభ్యర్థిని ఎంచుకునే తీరు స్థానిక సభ్యుల చేతిలో ఉండాలా, అధిష్ఠానం చేతిలో ఉండాలా అన్నదే అసలు తగవు. టికెట్ల పంపకాల్లో ఇలాంటి తగవులు మన దగ్గర ప్రతి ఎన్నికలకూ చూస్తూనే ఉంటాం కనుక తెలుగు పాఠకులకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు.

రెండో ఆరోపణ ఆయన అవకాశవాది అన్నది. సీటు మీద ఆయనకు ఆశ లేదని నేను అనను. ఆశ లేనివారు ఎన్నికల్లో నిలబడరు. కానీ పీటర్ లా ఎక్కడి నుంచో ఊడిపడినవారు కారు. కిరాణా వ్యాపారం చేసి, 1970ల నుంచి లేబర్ కౌన్సిలర్‌గా ఉండి, స్థానిక మేయర్‌గానూ పనిచేసి, 1999లో వేల్స్ శాసనసభ ఏర్పడినప్పుడు తొలి ఎన్నికల్లోనే గెలిచి, వేల్స్ తొలి ప్రభుత్వాధినేత అలిన్ మైకేల్ మంత్రివర్గంలో స్థానిక ప్రభుత్వాల బాధ్యత చూశారు. 2000లో, మైకేల్ తర్వాత ప్రభుత్వాధినేత అయిన రోద్రి మోర్గన్ లిబరల్ డెమోక్రాట్లతో సంకీర్ణం కట్టినప్పుడు ఆయన పదవి పోయింది. అది మనసులో ఉండి ఉండవచ్చు. అయినా పదవి పోయిన తర్వాత కూడా ఆయన పార్టీలోనే కొనసాగారు. అవకాశవాదే అయితే పార్టీ చెప్పినట్టు విని శాసనసభ సీటును భద్రంగా చూసుకోవడమే లాభసాటి పని. ఆయన తప్పుకుంటే పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభలో స్థానం ఇస్తామని ఆశ చూపారని భార్య తర్వాత ఆరోపించారు, పార్టీ వైపు నుంచి దాన్ని ఖండించారు. తేలని ఆ మాటను నేను సాక్ష్యంగా వాడుకోను, వాడుకోవలసిన అవసరమూ లేదు.

పార్టీ గీత దాటడం ఆ ప్రాంతానికి కొత్త కూడా కాదు. బెవన్‌నే లేబర్ 1939లో బహిష్కరించి, ఆ ఏడాది చివర్లో తిరిగి చేర్చుకుంది. మైకేల్ ఫుట్‌ను 1961లో పార్లమెంటరీ పార్టీ నుంచి వెలివేశారు. పక్క లోయలోని మెర్తిర్ టిడ్‌విల్‌లో వయసు మీద పడిందని టికెట్ నిరాకరిస్తే ఎస్. ఓ. డేవిస్ అనే వృద్ధ నాయకుడు 1970లో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి లేబర్‌ను 7,467 ఓట్ల తేడాతో ఓడించారు. ఆయన పోటీదారు మహిళ కాదు. ఆనాడు మహిళల జాబితా అన్న మాటే పుట్టలేదు.

మూడోది సానుభూతి. పోలింగ్‌కు కొన్ని వారాల ముందే పీటర్ లా మెదడులో కణితికి శస్త్రచికిత్స జరిగింది. అది ఓటర్లను కదిలించలేదంటే నేనే నమ్మను. అయితే జాబితా మీద గొడవ ఆయన జబ్బు బయటపడడానికి ఏడాదికి పైగా ముందే మొదలైంది. పైగా 2001లో 19 వేల పైచిలుకు ఉన్న ఆధిక్యం 9 వేల పైచిలుకు లోటుగా మారడానికి జాలి ఒక్కటే చాలదు. 2002లో ఎబ్బు వేల్ ఉక్కు కర్మాగారం మూతపడింది. తరతరాలుగా ఓట్లు వేసినా తమ ఊరిని పట్టించుకోలేదన్న అసంతృప్తి అప్పటికే పేరుకుని ఉంది. ఉప ఎన్నికలో ట్రిష్ లాకు సానుభూతి కలిసి వచ్చిందంటే ఒప్పుకోవచ్చు. డై డేవిస్ జబ్బుపడిన మనిషీ కాదు, ఆ కుటుంబానికి చెందినవారూ కాదు. ఆయన పీటర్ లా ఎన్నికల ఏజెంటు మాత్రమే.

నాలుగో ఆరోపణను త్వరగా ముగించవచ్చు. పీటర్ లా గెలుపు ఫలితం ఒక సీటుతో ఆగలేదు. 2003 తర్వాత శాసనసభలో లేబర్‌కు సరిగ్గా 30 మంది ఉండేవారు. సభాపతి, ఉప సభాపతి ఇద్దరూ ప్రతిపక్షం నుంచే వచ్చి ఓటింగుకు దూరంగా ఉండేవారు కనుక ప్రతిపక్షంలో ఓటు వేసేవారు 28 మందే అయి, ప్రభుత్వం నెగ్గుకొచ్చేది. పీటర్ లా లేబర్‌ను వీడడంతో లెక్క 29కి 29 అయింది, రోద్రి మోర్గన్ ప్రభుత్వం మైనారిటీలో పడింది. మన దేశంలోని ఫిరాయింపుల నిషేధ చట్టం వంటిది అక్కడ లేదు కనుక ఆయన శాసనసభ సభ్యత్వం చెక్కుచెదరలేదు. 2007 దాకా లేబర్ ఆ ఇబ్బందితోనే ప్రభుత్వం నడిపింది. కామన్స్ సీటును 2010లో నిక్ స్మిత్ 10,516 ఓట్ల మెజారిటీతో తిరిగి గెలిచారు. ఆయన ఆ నియోజకవర్గంలోని ట్రెడీగర్‌లో చదువుకున్న మనిషి. శాసనసభ సీటు 2011లో, ట్రిష్ లా పోటీ నుంచి తప్పుకున్న తర్వాతే, లేబర్‌కు దక్కింది.