నచ్చని పాట గురించి మాట్లాడుకుందాం

నెల్లూరు ట్రంకు రోడ్డు టీ అంగళ్ల దగ్గరా, ఒంగోలులో విద్యార్థులు అద్దెకుండే గదుల్లోనూ ఈ మధ్య ఒక వాదన తరచుగా చెవిన పడుతోంది. అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ పాటల్లో భరించలేనిది ఏది? ఆమె గిటారు భుజాన వేసుకుని కంట్రీ అనే అమెరికా పల్లె బాణీ సంగీతం పాడిన రోజులు మేలా, పాప్‌లోకి మారిన తర్వాతి రోజులు మేలా? ఒకరు నెత్తిన పెట్టుకున్న పాట ఇంకొకరికి చెవికే సోకకూడదు. పక్క బల్ల మీది పెద్దలకు ఇది విడ్డూరంగా తోస్తుంది. చదువులు, ఉద్యోగాలు పక్కనపెట్టి ఎక్కడో ఉన్న గాయని కోసం గొంతు చించుకోవడమేమిటని విసుక్కుంటారు. ఆ విసుగులో మేం పాలుపంచుకోలేం. పనుల వెనకాల మోగే చప్పుడుగా పాట మిగిలిపోతున్న ఈ రోజుల్లో, నచ్చని పాటను కూడా చివరిదాకా విని, ఎందుకు నచ్చలేదో చెప్పడానికి ఒక విద్యార్థి పూనుకుంటే మాకు సంతోషంగా ఉంది.

ఆ గాయని ప్రస్థానమే వాదనలకు తావిచ్చేది. 2006లో తొలి ఆల్బం వచ్చేనాటికి ఆమెకు పదహారేళ్లు. అప్పటి పాటల్లో బాంజో, ఫిడేలు, చిన్న ఊరి కథలు వినిపించేవి. 2014లో కంట్రీని పూర్తిగా వదిలి పాప్ ఆల్బం తెచ్చింది. ఆ ఆల్బంకు గ్రామీ అత్యున్నత పురస్కారం దక్కింది, తొలినాటి అభిమానుల్లో కొందరు మాత్రం తమను వదిలేసి వెళ్లిపోయినట్లు బాధపడ్డారు. 2020లో, ప్రపంచమంతా ఇళ్లలో తలుపులు వేసుకుని కూర్చున్న ఏడాదిలో, జానపద ఛాయలున్న రెండు ఆల్బంలతో మళ్లీ దారి మార్చింది. 2023 మార్చి నుంచి 2024 డిసెంబరు వరకు 149 కచేరీలతో సాగిన యాత్రను తన సంగీత జీవితంలోని దశలవారీగా విభజించి, ప్రతి దశనూ ఒక ఘట్టంగా పాడింది. ఏ దశ మేలో తేల్చుకోమని తానే అభిమానులకు పని పెట్టినట్లయింది. వాళ్లు చెప్పేది ఆమె వినదనీ అనుకోనక్కరలేదు. 2019 ఏప్రిల్‌లో విడుదలైన ఆమె పాట ఒకదానిలో అక్షరాలు కూర్చుకోవడం పిల్లలకు భలే సరదా అనే అర్థంలో ఒక పలుకు ఉండేది. అభిమానులే దాన్ని ఏవగించుకున్నారు. ఆగస్టులో ఆల్బం వచ్చేసరికి ఆ పలుకు పాటలో లేదు.

ఇదంతా పరాయి పిచ్చి అనుకునే పెద్దలు ఒక్కసారి 1974కి వెళ్లి రావాలి. ఆ ఏడాది ఫిబ్రవరి 11న ఘంటసాల కన్నుమూశారు. తెలుగునాట అగ్రనటులకు ఇక ఎవరు పాడాలన్న ప్రశ్న ఇంటింటా నలిగింది. 1966లో సినిమా పాటకు పరిచయమై, అప్పటికి ఎక్కువగా యువ నటులకు పాడుతున్న శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం మీద ఆ బరువు పడింది. లేత గొంతు, పాటలో నవ్వులు, నిట్టూర్పులు. ఘంటసాల గాంభీర్యానికి అలవాటుపడిన చెవులకు అవి ఎబ్బెట్టుగా వినిపించాయి. బాలు ఒక్కో నటుడి మాటతీరును పట్టుకుని, ఒక్కొక్కరికీ ఒక్కో గొంతుతో పాడడం మొదలుపెడితే, ఇది గానమా, అనుకరణ విద్యా అన్నవారున్నారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆనాడు ఇళ్లలో, కాలేజీల్లో, సినిమా హాళ్ల ముందు ఆ వాదనలు చేసినవారు ఇవాళ తాతలయ్యారు. మనవలు చేస్తున్నది అదే పని.

బాలు గొంతు మార్చే నేర్పును అనుకరణ అని కొట్టిపారేసినవారు ఆయన ఎక్కడి నుంచి వచ్చారో మరిచిపోయారని మా అభిప్రాయం. తండ్రి సాంబమూర్తి హరికథకులు. హరికథ చెప్పేవాడు ఒక్కడే రాముడవుతాడు, రావణుడవుతాడు, మధ్యలో మంథర అవుతాడు. చిడతలు మోగిస్తూ ఒక్క గొంతుతో పది పాత్రలను నిలబెట్టకపోతే కథ నడవదు. నెల్లూరులో ఆ విద్య చూస్తూ పెరిగిన కుర్రవాడు సినిమాలో నటుడికో తీరున పాడాడంటే, ఇంటి విద్యను కొత్త చోటికి తీసుకుపోయాడన్నమాట. అప్పట్లో చాలామందికి తెంపుగా తోచిన ఆ మార్పు వేళ్లు చాలా లోతైనవి.

ఆ తర్వాత కూడా ఆయన ఒక్క చోట నిలవలేదు. శాస్త్రీయ సంగీతాన్ని పద్ధతిగా గురుముఖతా నేర్చుకోని గాయకుడు సంగీత విద్వాంసుడి కథగా వచ్చిన శంకరాభరణంలో పాడి తొలి జాతీయ పురస్కారం అందుకున్నారు. 1981లో హిందీ చిత్రానికి పాడబోతే, ఈ దక్షిణాది ఉచ్చారణ హిందీ పాటకు నప్పుతుందా అన్న అనుమానం సంగీత దర్శకుల వైపు నుంచే వచ్చింది. కథలో నాయకుడు హిందీ సరిగా రాని తమిళ కుర్రవాడు కాబట్టి ఆ గొంతే కావాలని దర్శకుడు బాలచందర్ పట్టుబట్టారు. ఆ పాటకూ జాతీయ పురస్కారం వచ్చింది. మొత్తం ఆరు జాతీయ పురస్కారాలు, నాలుగు భాషల్లో. ఒక భాషలో కుదిరిన తీరును పట్టుకుని వేలాడి ఉంటే ఇవి వచ్చేవా? 1980లలో డిస్కో వాయిద్యాల హోరులో ఆయన పాడిన పాటలు కొన్ని మాకూ నచ్చవు. నచ్చవని చెప్పడానికి మాకు సంకోచం లేదు. అంత పెద్ద గాయకుణ్ని గౌరవించడమంటే పాడిన ప్రతి పాటకూ తలూపడమని మేం అనుకోం.

గాయకుడి సంగతి ఇలా ఉంటే, పాట రాసినవాడి సంగతి ఇంకా గడ్డు. అప్పటి నెల్లూరు జిల్లా సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడులో 1921లో పుట్టిన ఆచార్య ఆత్రేయను మనసు కవి అని నెత్తిన పెట్టుకున్న తెలుగువారే, మసాలా దట్టించిన పాటలు రాసిన రోజుల్లో పేరును వంకరగా మార్చి ‘బూత్రేయ’ అన్నారు. ఆ మాట చాలా కటువైనది. అయితే ఆ కోపం వెనక ఉన్నది ద్వేషం మాత్రం అనలేం. మనసు లోతులను రెండు తేలిక మాటల్లో చెప్పగలిగినవాడు ఈ పాట రాశాడేమిటన్న దిగులు అందులో ఉంది. ఆశ పెట్టుకోని కవి మీద ఎవరికీ అంత కోపం రాదు. 1989లో ఆయన పోయాక వంకర పేరు వెనక్కి తగ్గింది, పాటలు నిలబడ్డాయి. రుచించని పాటలను జనం పాడుకోవడం మానేశారు, అంతే.

ఇంకా వెనక్కి వెళ్తే ఉమ్మడి ప్రకాశం జిల్లా కాకర్ల కనిపిస్తుంది. త్యాగరాజు పూర్వీకులది ఆ ఊరని చెబుతారు. కావేరి ఒడ్డున కూర్చుని ఘనరాగ పంచరత్నాలు కూర్చిన ఆయనే, పల్లెభజనల్లో అందరూ కలిసి పాడుకునే తేలిక కీర్తనలూ రాశారు, ఆంగ్లేయుల బ్యాండు నడక తొంగిచూసే కీర్తనలూ కొన్ని రాశారు. పాట పుట్టిన చోటే ఆగిపోవాలన్న పట్టుదల మన సంప్రదాయంలో పెద్దలకు లేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

గాయకులు ఎందుకు మారతారన్న ప్రశ్నకు అభిమానులు చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే, డబ్బు. కొంత నిజం. నడిపించేవి ఇంకా ఉన్నాయి. గొంతు కూడా శరీరంలో భాగమే. ఇరవై ఏళ్లప్పుడు అలవోకగా అందుకున్న తారస్థాయి యాభై ఏళ్లకు అలాగే పలకదు, స్వరపేటిక కండరాలూ, స్వరతంత్రులూ వయసుతో మారతాయి. తెలిసిన గాయకుడు తన గొంతు ఇప్పుడు ఏది బాగా పలుకుతుందో అటు పాటను వంచుకుంటాడు. పాట తయారయ్యే పద్ధతీ మారింది. ఒకప్పుడు గాయకులూ, వాద్యబృందమూ ఒకే గదిలో ఏకకాలంలో పాడి వాయించి రికార్డు చేసేవారు, ఒకరు తడబడితే అందరూ మొదటికి రావలసిందే. తర్వాత ట్రాకులు విడివిడిగా రికార్డు చేయడం వచ్చింది. 1997లో వచ్చిన ఆటో ట్యూన్ అనే సాఫ్ట్‌వేర్‌తో తప్పిన శ్రుతిని కంప్యూటర్ మీద సరిదిద్దడం సులువైంది, ఆ తర్వాతి ఏడాదికే గొంతును యంత్రంలా వినిపించేందుకూ దాన్ని వాడారు. ఇక ఇప్పటి స్పాటిఫై వంటి ఇంటర్నెట్ పాటల సేవల్లో పాట ముప్పై సెకన్లు మోగితేనే ఒకసారి విన్నట్లు లెక్క. మొదటి అర నిమిషంలోనే వినేవాణ్ని కట్టిపడేయాలన్న తొందరలో నిడుపాటి వాద్యాల ఎత్తుగడలు కుంచించుకుపోయాయి, పల్లవి పరుగున ముందుకొచ్చింది. పాట తీరు మారిందని గాయకుణ్ని తిట్టేముందు ఈ యంత్రాంగాన్ని కూడా ఒకసారి చూడాలి.

వినేవాడి సంగతీ చూసుకోవాలి. కౌమారం నుంచి పాతికేళ్లలోపు తగిలిన అనుభవాలూ, విన్న పాటలూ మనిషికి జీవితాంతం గాఢంగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. మొదటి ప్రేమ, మొదటి హాస్టలు గది, ఊరు వదిలిన మొదటి బస్సు ప్రయాణం ఆ పాటలకు అంటుకుని ఉంటాయి. ‘ఆ రోజుల్లో పాటలే వేరు’ అనే పెద్దాయనలోనూ, 2014 తర్వాతి టేలర్ పాటలు పాటలే కావని వాదించే డిగ్రీ విద్యార్థినిలోనూ మాట్లాడుతున్నది చాలావరకు ఆ జ్ఞాపకమే. జ్ఞాపకం తప్పు కాదు. దాన్ని తీసుకొచ్చి కొత్త పాటకు కొలబద్దగా నిలబెడితేనే చిక్కు.

మాకు నిజంగా కోపం తెప్పించేది వేరే ఉంది. పాట మీద మొదలైన మాట పాడిన మనిషి మీదికి జారడం. గాయకుడు మారితే ‘అమ్ముడుపోయాడు’ అంటారు. గాయని మారితే అక్కడితో ఆగరు. ఆమె బట్టలు, ఆమె వయసు, ఆమె పెళ్లి, ఆమె ఎవరితో తిరుగుతోంది, ఎవరిని వదిలేసింది అన్నవన్నీ పాట విమర్శలోకి వచ్చి కూర్చుంటాయి. టేలర్ స్విఫ్ట్ కొత్త పాట రాగానే అది ఏ పాత స్నేహితుడి గురించో ఆరా తీసేవారు చాలామందికి ఆ పాట ఏ శ్రుతిలో ఉందో పట్టదు. మన తెలుగు గాయనులకూ ఈ బాధ తప్పలేదు. చరణంలో ఊపిరి ఎక్కడ తీసుకుందో గమనించకుండా వేదిక మీద ఏం కట్టుకుందో లెక్కపెట్టేవాణ్ని రసికుడని ఎలా అంటాం? అవతలి అభిమానుల తల్లినీ చెల్లినీ తిట్టి తమ గాయనిని గెలిపించామనుకునే కుర్రాళ్లకు, ఆ తిట్టు ఏ పాటకూ ఒక్క స్వరమైనా చేర్చదని ఇంట్లోవాళ్లే చెప్పాలి.

అలాగని మార్పు పేరిట వచ్చిన ప్రతిదానికీ చప్పట్లు కొట్టమని మేం చెప్పడం లేదు. ఇవాళ్టి సినిమా పాటల్లో ళకారం లకారమైపోతోంది, ఒత్తులు ఎగిరిపోతున్నాయి, డప్పుల హోరులో మాట మునిగిపోతోంది. ఇవి శైలిలో వచ్చిన మార్పులు కావు, శ్రద్ధ లోపం. నెల్లూరు, ఒంగోలు శ్రోతలు వీటిని గట్టిగా నిలదీయాలి, తిక్కన సోమయాజి నడిచిన నేల మీద తెలుగు పలుకుబడి గురించి అడిగే హక్కు అందరికన్నా ముందు వీళ్లకుంది. ఎలా నిలదీయాలో బాలు స్వయంగా చూపించి వెళ్లారు. 1996లో మొదలైన పాడుతా తీయగా వేదిక మీద పిల్లలు పాడిన తర్వాత ఆయన చెప్పే మాటలు గుర్తు తెచ్చుకోండి. ఎక్కడ శ్రుతి జారిందో, ఏ అక్షరం సరిగా పలకలేదో చెప్పేవారు. రాసిందెవరో, బాణీ కట్టిందెవరో తప్పక చెప్పేవారు. తప్పు చూపించిన తర్వాత తానే ఒక పంక్తి పాడి వినిపించేవారు. బిడ్డ నొచ్చుకునేలా మాట్లాడిందెప్పుడూ లేదు. అలాగని ఉన్న తప్పు లేదని చెప్పిందీ లేదు.

నెల్లూరులోని ప్రభుత్వ సంగీత, నృత్య పాఠశాలకు 2020లో ఆయన పేరు పెట్టారు. పేరు పెట్టడంతో పని పూర్తికాదు. ఏటా జూన్ 4న ఆయన పుట్టినరోజు వస్తుంది. ఆ వేళ అందరికీ నోటికొచ్చిన పాటలనే వేదికల మీద మళ్లీ మళ్లీ పాడించడం సులువు, ఎవరికీ అభ్యంతరం ఉండదు. మేం కోరేది అందుకు అదనంగా రెండు గంటలు. పాఠశాలలోనో, పురమందిరంలోనో ఒక సాయంత్రం కూర్చుని, ఆయన పాటల్లో జనానికి రుచించని నాలుగింటిని వినిపించి, ఎందుకు రుచించలేదో విద్యార్థుల చేత, పెద్దల చేత చెప్పించాలి. ఒక పాట బాణీ, ఇంకొకదాని సాహిత్యం, మరొకదాని వాద్యగోష్ఠి, నాలుగోదానిలో ఆయన గొంతే, ఏది కారణమో విడదీసి చూడాలి. ఆ వరసలోనే టేలర్ స్విఫ్ట్ పాట ఒకటి, ఈ ఏడాది తెలుగు పాట ఒకటి పెట్టే అవకాశం కుర్రవాళ్లకివ్వాలి. పెద్దలు వాటిని మధ్యలో లేవకుండా పూర్తిగా వినాలి. ఒంగోలులోనూ ఇలాంటి సభ పెట్టడానికి అడ్డేమీ లేదు. పెద్ద ఖర్చు అక్కరలేదు, మంచి స్పీకర్లు రెండు, ఒక హాలు చాలు. హాలు అద్దె మాఫీ చేసే బాధ్యతను రెండు నగరపాలక సంస్థలూ తీసుకోవాలి. సంగీత పాఠశాల అధ్యాపకులు ముందుకొస్తే, సభలో వచ్చిన అభిప్రాయాలను, తిట్లు తప్ప, అనుకూలమైనా వ్యతిరేకమైనా ఈ పత్రిక అచ్చువేస్తుంది.