విశాఖకు కేబుల్ వచ్చినంత మాత్రాన ఆ తాళం ఊడదు

విశాఖ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి నెల రోజుల్లో మూడుసార్లు వచ్చిన మెసేజ్ ఇది. క్లుప్తంగా చెప్తాను: “విదేశాలకు వెళ్తే సినిమాలు, సీరియళ్లు చూసే మన యాప్‌లు ఆడకపోవడానికి కారణం అక్కడి ప్రభుత్వాల బ్యాన్. డబ్బు కట్టినవాళ్లకు ఏ దేశంలోనైనా చూసే హక్కు ఉంది. యూరప్‌లో జియో బ్లాకింగ్‌ను (దేశాన్ని బట్టి తాళం వేయడాన్ని) పూర్తిగా రద్దు చేసేశారు. విశాఖలో గూగుల్ సముద్ర కేబుల్ దిగితే మనకూ ఈ బాధ తీరుతుంది. అప్పటిదాకా ఫ్రీ వీపీఎన్ (మనం వేరే దేశంలో ఉన్నట్టు చూపించే సాధనం) వేసుకోండి, అన్ని దేశాల్లోనూ లీగలే.”

మా బ్లాకులో సగం ఇళ్ల పిల్లలు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నారు. అందుకే చూసినవాళ్లంతా నమ్మారు, నలుగురికీ పంపారు. మూడోసారి వచ్చినప్పుడు పక్క ఫ్లాటు మాస్టారు దుబాయ్‌లో ఉన్న కొడుక్కి కూడా పంపబోతుంటే ఆపాను. ఎందుకో తర్వాత చెప్తాను.

ముందు కేబుల్ సంగతి. మన ఊరి పేరు కలిపారు కాబట్టి ఎక్కువమంది నమ్మింది ఇదే. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించిన మాట నిజం. అందులో సముద్రగర్భ కేబుళ్లు ఇక్కడ ఒడ్డుకు చేరే ఏర్పాటు కూడా ఉంది. ఊరికి చాలా మంచిది, నాకూ సంతోషమే. కానీ ముంబయిలో, చెన్నైలో ఇలాంటి కేబుళ్లు ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. ముంబయి వెర్సోవా తీరంలోనే ఎన్నో దిగాయి. అక్కడివాళ్లకు అమెరికా యాప్‌లు ఏమన్నా తెరుచుకుంటున్నాయా? మనకు ఏది ఆగుతుందో వాళ్లకూ అదే ఆగుతుంది. యాప్‌కు మన ఇంటికి వచ్చే వైరుతో పనిలేదు, అది ఐపీ అడ్రస్ చూస్తుంది, అంటే ఇంటర్నెట్‌లో మన కనెక్షన్‌కు ఉండే నంబరు. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలకు ఈ నంబర్లు కట్టలు కట్టలుగా కేటాయిస్తారు. ఏ నంబరు ఏ దేశానిదో చెప్పే జాబితాలు ఉంటాయి. కేబుల్ భీమిలిలో దిగినా, చెన్నైలో దిగినా మన నంబరు భారతదేశపు నంబరే. వేగం పెరగొచ్చు, దేశం మాత్రం మారదు.

ఇక ప్రభుత్వాల బ్యాన్. మా అమ్మ పోయినేడాది న్యూజెర్సీలో అక్క దగ్గర ఆరు నెలలు ఉంది. ఇక్కడ రాత్రి భోజనం అయ్యాక చూసే సీరియల్‌ని అక్కడ పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని చూద్దామనుకుంది. ట్యాబ్ తెరిస్తే సీరియల్ బొమ్మ కనిపిస్తోంది, పేరు కనిపిస్తోంది, నొక్కితే మాత్రం “ఈ వీడియో మీ ప్రాంతంలో అందుబాటులో లేదు” అని నల్ల తెర. ఏడాది చందా ఇక్కడి కార్డుతోనే కట్టాం. వీడియో కాల్‌లో ట్యాబ్‌ని కెమెరా ముందుకు తిప్పి చూపించి, “ఏట్రా ఇది, డబ్బులు కట్టీసాం కదా?” అంది. అమెరికా ప్రభుత్వానికి మా అమ్మ సీరియల్‌తో ఏ పేచీ లేదు. కస్టమర్ కేర్‌కు రాస్తే రెండు రోజులకు జవాబొచ్చింది: ఆ సీరియల్ విదేశీ హక్కులు వాళ్ల దగ్గర లేవట.

ప్రభుత్వ నిషేధం ఎలా ఉంటుందో మనకు తెలుసు. 2020 జూన్‌లో టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను కేంద్రం బహిరంగంగా ప్రకటించి మరీ ఆపింది. ఇది ఆ కోవ కాదు. అమ్మినవాడు, కొన్నవాడు రాసుకున్న ఒప్పందం ఇది. సినిమా అయినా, సీరియల్ అయినా, ఆట అయినా హక్కులను దేశాలవారీగా ముక్కలు చేసి అమ్ముతారు. డీవీడీల రోజుల్లోనూ ఇదే పద్ధతి: అమెరికా డిస్కు మీద 1, మన డిస్కు మీద 5 అనే రీజియన్ నంబరు ఉండేది. అక్కడి నుంచి తెచ్చిన డిస్కు ఇక్కడి ప్లేయర్‌లో ఆడక వెనక్కి తీసి పెట్టెలో పడేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

ముక్కలు చేయడంలో ఎంత డబ్బుందో ఐపీఎల్ చూస్తే తెలుస్తుంది. 2023 నుంచి 2027 దాకా ప్రసార హక్కులు మొత్తం దాదాపు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడయ్యాయి. భారత ఉపఖండంలో టీవీకి ఒక ప్యాకేజీ, డిజిటల్‌కు ఇంకొకటి, మిగతా ప్రపంచానికి వేరొకటి. ఉపఖండం డిజిటల్ హక్కులు 20,500 కోట్లు పలికితే, మిగతా ప్రపంచమంతా కలిపి 1,057 కోట్లు పలికింది. ఇక్కడ కొన్నవాడు అమెరికాలో కూడా చూపిస్తే అక్కడ కొన్నవాడు ఊరుకోడు.

అందుకే “డబ్బు కట్టాం కాబట్టి ఎక్కడైనా హక్కు” అన్నది చట్టం ముందు నిలవదు. చందా కట్టినప్పుడు మనం కొన్నది ఒప్పందంలో రాసిన చోట చూసే అనుమతి. అయితే ఈ మెసేజ్ రాసినవాళ్ల ఆవేదనతో నాకు పేచీ లేదు. డబ్బు తీసుకునేటప్పుడు ‘ఇండియాలో మాత్రమే’ అని పెద్ద అక్షరాలతో ఎక్కడా కనిపించదు. నిబంధనల్లో ఏ మూలో ఉంటుంది. మా అమ్మలాంటి అరవై ఎనిమిదేళ్ల మనిషి అది వెతికి చదవాలనడం అన్యాయం.

ఇప్పుడు మాస్టారిని ఎందుకు ఆపానో చెప్తాను. మన దేశంలో వీపీఎన్ వాడడాన్ని ఏ చట్టమూ నిషేధించలేదు, అంతవరకు నిజం. కానీ యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఐపీ అడ్రస్‌ను మార్చి చూపి నేరం చేసినా, నేరాన్ని దాచినా జైలు, లేదా 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల జరిమానా అని సైబర్ చట్టంలో ఉంది. ఆఫీసు పనికి వీపీఎన్ వాడుకోవడం వేరు, తాళం వేసిన సినిమా కోసం వాడడం వేరు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వెళ్లి అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలకు ‘లీగలే’ అని ధైర్యం చెప్పి పంపడం చాలా తప్పు. వీసా మీద బతుకుతున్నవాళ్లు వాళ్లు.

పైగా ఫ్రీ అన్నది చూసి మోసపోవద్దు. సర్వర్ ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. మీరు ఏయే సైట్లు తెరుస్తున్నారో ఆ వీపీఎన్ నడిపేవాడికి తెలుస్తుంది. ఇంకో సంగతి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు వినియోగదారుల వివరాలు అయిదేళ్లు దాచాలి. అది ఒప్పుకోలేక నార్డ్, ఎక్స్‌ప్రెస్, సర్ఫ్‌షార్క్ లాంటివి భారత్‌లోని తమ సర్వర్లు తీసేశాయి. వీపీఎన్ నంబర్లను పసిగట్టి ఆపడం కూడా యాప్‌లు ఎప్పుడో నేర్చుకున్నాయి.

యూరప్ గురించి రాసింది సగం నిజం, అందుకే ఎక్కువ ప్రమాదం. 2018 డిసెంబరు 3 నుంచి అమల్లోకి వచ్చిన జియో బ్లాకింగ్ నిబంధన ఆన్‌లైన్‌లో బట్టలు, హోటల్ గదులు కొనేవాళ్లకు పనికొస్తుంది. సినిమాలు, సీరియళ్లు, మ్యాచ్‌లు అందులో లేవు. అసలు మనకు కావలసింది అంతకుముందే, అదే ఏడాది ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఇంకో నిబంధన. జర్మనీలో చందా కట్టినవాడు కొన్నాళ్లు స్పెయిన్ వెళ్తే, అదనంగా ఒక్క యూరో తీసుకోకుండా అవే సినిమాలు అక్కడా చూపించాలి. చూసేది స్పెయిన్‌లో అయినా చట్టం లెక్కలో జర్మనీలో చూసినట్టే. దానివల్ల హక్కుల ఒప్పందాలు తిరగరాయక్కర్లేదు. న్యూయార్క్ వెళ్తే మాత్రం ఈ సదుపాయం లేదు, యూరోపియన్ యూనియన్ లోపలే.

ఇలాంటిది మనకు సాధ్యం కాదనేవాళ్లకు ఒక్క ఉదాహరణ. చూపులేనివాళ్లు చదువుకోగలిగేలా తయారుచేసిన పుస్తకాలు కాపీరైట్ అడ్డు లేకుండా దేశాల హద్దులు దాటేందుకు 2013లో మరాకేష్ ఒప్పందం కుదిరింది. 2014లో దాన్ని అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే.

కాపీరైట్ వ్యవహారాలు కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖలోని డీపీఐఐటీ (పరిశ్రమలు, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక విభాగం) చూస్తుంది. అమ్మ వచ్చే వేసవిలో మళ్లీ అక్క దగ్గరికి వెళ్తోంది. విదేశాలకు కొన్నాళ్లు వెళ్లే చందాదారులకు యూరప్ లాంటి ఏర్పాటు కావాలని, ఇతర దేశాలతో మాట్లాడి తేవాలని, ఈలోగా చందా తీసుకునే పేజీ మీదే ఏయే దేశాల్లో ఆడదో తెలుగులో పెద్దగా రాయించాలని ఆ శాఖకు ఒక వినతి రాసి గ్రూపులో పెట్టాను. మాస్టారు మొదటి సంతకం చేశారు.