కృష్ణా డెల్టా: జిల్లాలు ఒక లెక్కన, నీళ్లు మరో లెక్కన

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలను 26 చేసినప్పుడు ప్రధానంగా లోక్‌సభ నియోజకవర్గాన్నే ప్రాతిపదికగా తీసుకున్నారు. రేపల్లె రైతుకు గుంటూరు కంటే బాపట్ల కలెక్టరేట్ దగ్గర కాబట్టి దానివల్ల మేలు జరగలేదని ఎవరూ అనలేరు. కానీ డెల్టాలో ఆ గీతలు సాగునీటి కాలువలను, మురుగునీరు పోయే డ్రెయిన్లను అడ్డంగా కోసేశాయి. విజయవాడ దగ్గర కృష్ణ మీదున్న ప్రకాశం బ్యారేజీయే ఒక కొస ఎన్టీఆర్ జిల్లాలో, రెండో కొస గుంటూరు జిల్లా సీతానగరంలో ఉంది. దాని కింద సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది.

సాగునీటి విషయంలో ఇబ్బంది తక్కువే. 1997 చట్టం కింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాల పరిధిని నీటి పారుదలను బట్టే గీశారు. దుగ్గిరాల లాకుల దగ్గర చీలిన కాలువ జిల్లా దాటి వెళ్లినా, వంతులు కాలువ లెక్కనే తేలతాయి.

అసలు చిక్కు ముంపు నీటితోనే. బుడమేరునే చూడండి. మైలవరం వైపు కొండల్లో పుట్టిన ఈ వాగు నీటిని వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర డైవర్షన్ కాలువలోకి మళ్లించి, బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. పట్టిసీమ ఎత్తిపోతల నుంచి వచ్చే గోదావరి నీళ్లకూ అదే దారి. కృష్ణ నిండుగా ఉంటే అక్కడ మట్టం పెరిగి, బుడమేరు నీరు నదిలోకి దిగదు, వెనక్కి ఎగదన్నుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో రెండు వరదలూ ఒకేసారి వచ్చాయి. బ్యారేజీ దగ్గర రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది. బుడమేరు గట్లకు గండ్లు పడి విజయవాడలోని సింగ్‌నగర్ మునిగింది.

మళ్లించకుండా వెలగలేరు గేట్లు ఎత్తి వదిలిన నీరు పాత వాగులోనే విజయవాడ వైపు వస్తుంది. నగరం దాటిన బుడమేరు ఎనికేపాడు దగ్గర కాలువల కింద అండర్ టన్నెల్‌లోంచి పోయి, కృష్ణా జిల్లా పొలాల మీదుగా కొల్లేరులో పడుతుంది. 2022 విభజనలో కొల్లేరు పక్కనున్న కైకలూరు ఏలూరు జిల్లాకు వెళ్లింది. కొల్లేరు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరేమో దిగువన కృష్ణా, పశ్చిమగోదావరి సరిహద్దు. అంటే ఎన్టీఆర్ జిల్లాతో కలిపి ఒక్క నీటి దారికి నలుగురు కలెక్టర్లు. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా ప్రాధికార సంస్థకు అధ్యక్షుడు కలెక్టరే. ఆయన ఆదేశం జిల్లా పొలిమేర దాకానే చెల్లుతుంది.

పూడిక తీతలో ఈ లోపం బాగా బయటపడుతుంది. డ్రెయిన్‌ను సముద్రపు మొగ దగ్గర మొదలుపెట్టి ఎగువకు బాగుచేసుకుంటూ రావాలి. మొగలో ఇసుక మేట అలాగే ఉంచి పైభాగం తవ్వితే, ఎగువ నీళ్లు ఇంకా వేగంగా వచ్చి దిగువ పొలాల్లో నిలుస్తాయి. గుర్రపుడెక్క సంగతీ అంతే. ఎగువన కోసి గట్టు మీదికి లాగకుండా నీళ్లలోనే వదిలేస్తే, ఆ తుక్కంతా కింది ఊరి వంతెన తూముల్లో బిగుసుకుని వరి దుబ్బులను మూడు నాలుగు రోజులు నీళ్లలో నానబెడుతుంది. అప్పుడు కోసినవాళ్లు ఒక జిల్లా, మునిగినవాళ్లు మరో జిల్లా అవుతారు.

జిల్లాలను మళ్లీ గీయక్కర్లేదు. బుడమేరుకూ, పల్నాడు మెరక నుంచి బాపట్ల తీరానికి దిగే నల్లమడ వాగుకూ, తెనాలి-రేపల్లె వైపు తుంగభద్ర డ్రెయిన్‌కూ విడివిడిగా ఒక్కో అధికారిని పెట్టాలి. పుట్టిన చోటి నుంచి మొగ దాకా బాధ్యత ఆయనదే, ఎస్టిమేటూ ఒక్కటే ఉండాలి. టెండర్లు మార్చికల్లా ముగిస్తే, కాలువలకు నీళ్లు ఆపేసిన ఏప్రిల్, మే నెలల్లో మొగ నుంచి పని మొదలుపెట్టొచ్చు. జూన్‌లో పిలిచే టెండర్ తొలకరి వానల్లోనే కొట్టుకుపోతుంది. వెలగలేరు గేట్లు ఎత్తేముందు ఎన్టీఆర్ జిల్లా కంట్రోల్ రూమ్‌కు వెళ్లే కబురు అదే నిమిషంలో నందివాడ, కైకలూరు తహసీల్దార్లకూ చేరాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ప్రభుత్వం ఒక్క జీవో ఇస్తే సరిపోతుంది.