పాలపిట్ట కోసం పొలిమేర దాటాలి

దసరాకు వారం ముందు హైదరాబాద్‌లో ఏ రైతుబజార్ దగ్గర చూసినా ఫుట్‌పాత్ నిండా బతుకమ్మలో పేర్చే గునుగుపూల కట్టలే. కొన్ని తెల్లగా కోసినవి కోసినట్టే ఉంటాయి, కొన్ని గులాబీ, ఆకుపచ్చ రంగునీళ్లలో ముంచి ఆరబెట్టినవి. పక్కన గోనెసంచిలో కుక్కి తెచ్చిన తంగేడు, సగం రేకలు రాలిపోయి. పోయినసారి మా ఇంటి దగ్గర ఒకామె పిడికెడు తంగేడు ముప్పై రూపాయలంది. నేను బేరానికి దిగబోతే, ‘పొద్దుగాల మూడింటికి లేచి ఏరుకొచ్చినం సారూ’ అంది. ఇంక నోరెత్తలేదు.

పదిహేనేళ్ల కిందట మా కాలనీ వెనక ఖాళీ ప్లాట్లలో ఈ తంగేడు ఊరికే పూసేది. పిల్లలు పొద్దున్నే సంచులు పట్టుకుని పోయి, బట్టలకు పల్లేరుకాయలు అంటించుకుని వచ్చేవాళ్లు. ఇప్పుడక్కడ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు, కింద సెల్లార్లు. పువ్వు పోయిందని కాదు నా బాధ, డబ్బిస్తే దొరుకుతూనే ఉంది. పువ్వుకు పోవడం పోయింది.

మన శరత్కాలం పండగలన్నిటిలోనూ ఒక షికారు కలిసే ఉంటుంది. బతుకమ్మకు చేలగట్లు, గుట్టలు తిరిగి పూలు తేవాలి. దసరా సాయంత్రం ఊరి పొలిమేర దాటి జమ్మిచెట్టు దగ్గరికి వెళ్లాలి, దారిలో పాలపిట్టను చూడాలి. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనం చేయాలి. పండగంటే ఇల్లు వదిలి బయటికి పోవడమే. మహానగరంలో ఈ రెండూ విడిపోయాయి. పండగ ఫంక్షన్‌హాల్లోకి, షికారు రిసార్టులోకి పోయాయి. మనం రెండింటికీ వేర్వేరుగా టికెట్లు కొంటున్నాం.

2014లో తెలంగాణ తన రాష్ట్ర చిహ్నాలుగా నాలుగింటిని ప్రకటించింది: తంగేడు పువ్వు, పాలపిట్ట, జమ్మిచెట్టు, జింక. జింకను పక్కన పెడితే మిగతా మూడూ ఈ పండగరోజులవే. పండగ ప్రకృతిలో ఎక్కడుందో ప్రభుత్వానికీ తెలుసన్నమాట. కానీ రాజధానిలో పుట్టిన పదేళ్ల పిల్లాడు ఈ మూడింటినీ బొమ్మల్లోనో అంగట్లోనో తప్ప చూసి ఉండడు. పాలపిట్టనైతే కొందరు పంజరంలో చూస్తారు. దసరానాడు పిట్టను పట్టి తెచ్చి, వీధివీధీ తిప్పి, చూపించినందుకు పైసలడుగుతారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టుకోవడమే నేరం. అటవీ శాఖ వాళ్లు అప్పుడప్పుడూ విడిపిస్తుంటారు కూడా. అయినా శుభం జరగాలని ఒక ప్రాణిని బోనులో చూసి దండం పెట్టుకోవడం, మనకే ఎలా ఉంటుందో ఆలోచించుకోవాలి.

అపార్ట్‌మెంట్ల బతుకమ్మను తీసిపారేయను. పెద్దల అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు, ఆఫీసుల నుంచి అలసి వచ్చిన ఆడవాళ్లు పట్టుచీరలు కట్టుకుని కిందికి దిగడం చిన్న విషయం కాదు. మా బ్లాకులో మరాఠీ ఆవిడ, బెంగాలీ ఆవిడ కూడా చప్పట్లు తప్పకుండా ఆడతారు. నా పేచీ డీజేతోనే. పాడేవాళ్ల గొంతు వినపడకపోతే అది బతుకమ్మ ఆట కాదు, మామూలు డ్యాన్సే. సాగనంపడానికి నీళ్లు లేక ప్లాస్టిక్ టబ్బులో వేయడం ఇంకో అవస్థ. అందుకే అంబర్‌పేటలో కబ్జాలకు పోగా మిగిలిన ఐదెకరాల చిల్లర బతుకమ్మ కుంటను తవ్వి, నీళ్లు నింపి, 2025 సెప్టెంబరులో తెరిచినప్పుడు అంతమంది సంబరపడ్డారు. ఎన్ని స్టేజీలు కట్టినా ఒక కుంటకు సాటిరావు.

బయటికి పోవడానికి ఇప్పుడు దారులు లేక కాదు. వికారాబాద్ దాకా రైలుంది, బస్సుంది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బులు కట్టక్కర్లేదు. అక్కడి నుంచి అనంతగిరి గుట్టలు దగ్గరే. మూసీ పుట్టేది ఆ అడవిలోనే. నగరంలో ముక్కు మూసుకుని దాటే నది అక్కడ ఎలా ఉందో పిల్లలకు చూపిస్తే ఏ పాఠమూ అక్కర్లేదు. ఇటు మహబూబ్‌నగర్ రోడ్డు ఎక్కితే, తన పేరుతో ఒక సీతాఫలం రకమే ఉన్న బాలానగర్ వస్తుంది. సీజన్లో రోడ్డు పక్కన గంపలు పెట్టుకుని కూర్చున్నవాళ్లు, పండు మీద గీతలు విచ్చుకున్నవి చూసి ఇవాళ తినడానికో, రేపటికో ఏరి ఇస్తారు. సూపర్‌మార్కెట్ ట్రేలో ఆ మాట చెప్పేవాళ్లెవరు?

కిందటి కార్తీకంలో ఒక రిసార్టు వనభోజనం ప్యాకేజీకి వెళ్లాం. మనిషికి ఇంతని ముందే కట్టించుకున్నారు. బఫే లైను, తంబోలా అన్నీ ఉన్నాయి. ఉసిరిచెట్టేదని అడిగితే కుండీలో నడుమెత్తు మొక్క చూపించారు. దాని చుట్టూ తిరిగి ఫొటోలు దిగి వచ్చాం, నేనూ దిగాను.

రోడ్ల మధ్య కోనోకార్పస్ అనే విదేశీ మొక్క నాటినంత ఉత్సాహంగా ఎవరూ తంగేడు నాటలేదు. పార్కుల్లోనేమో గునుగును కలుపని పీకేస్తారు. ప్రతి పెద్ద పార్కులో ఒక మూల అరెకరం ఊరికే వదిలేయండి, ఆ తొమ్మిది రోజులు పిల్లలను కోసుకోనివ్వండి. తంగేడుకు నీళ్లు పోసే పని కూడా లేదు, రాళ్లలోనే పెరుగుతుంది. ఇంత చౌక పథకం మున్సిపాలిటీకి ఇంకొకటి దొరకదు.

ఇక పొలిమేరంటారా, మాకిప్పుడు ఔటర్ రింగ్ రోడ్డే. పోయిన దసరాకు టోల్‌గేటు దాటి, ఇంకా ప్లాట్లు పడని ఒక జొన్నచేను దగ్గర కారు ఆపాం. గంటసేపు కరెంటు తీగలన్నీ వెతికాం. మా అమ్మాయికి విసుగొచ్చి ఫోన్ తీసింది. అప్పుడు తీగ మీద మట్టిరంగులో కూర్చున్న పిట్టొకటి లేచింది. రెక్కలు విప్పగానే నీలం. ‘ఇంతసేపూ అది అక్కడే ఉందా నాన్నా’ అంది.