విశాఖ 500 కిలోమీటర్లే... ఎవరికి?

హైదరాబాద్ నుంచి విశాఖపట్నం ఎంత దూరమని ఫోన్‌లో వెతికితే రెండు అంకెలు వస్తాయి. గాల్లో అయితే సుమారు 500 కిలోమీటర్లు, రోడ్డు మీద 620 దాకా. 120 కిలోమీటర్లు ఎక్కడ పెరిగాయి?

మ్యాపు ముందేసుకుని స్కేలు పెట్టి చూడండి. రెండు నగరాలూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. గీత తిన్నగా కొత్తగూడెం, మారేడుమిల్లి, నర్సీపట్నం పరిసరాల మీదుగా పోతుంది. మారేడుమిల్లి ఘాట్ రోడ్డు ఎక్కినవాళ్లకు ఇక వేరే చెప్పక్కర్లేదు. గోదావరి, అడవి, తూర్పు కనుమలు అన్నీ ఆ గీత కిందే ఉన్నాయి. అందుకే మన రోడ్డు సూర్యాపేట మీదుగా విజయవాడకు దిగి, ఏలూరు, రాజమండ్రి, తుని పట్టుకుని మళ్లీ ఉత్తరానికి ఎక్కుతుంది. విజయవాడ చేరేసరికి ఆ గీతకు 110 కిలోమీటర్లు దక్షిణాన ఉంటాం. ఖమ్మం నుంచి దేవరపల్లికి 162 కిలోమీటర్ల గ్రీన్‌ఫీల్డ్ (పాత రోడ్డు వాడకుండా కొత్త భూమిలో వేసే) రహదారి ఈ విజయవాడ మలుపును తప్పించడానికే. అదీ కొండల జోలికి పోదు, వాటి దక్షిణపు అంచునే సాగుతుంది.

రోడ్డు అంకెలో కనీసం నిజాయితీ ఉంది. ఆ 620 కిలోమీటర్లూ మన చక్రాలు తిరగాల్సిందే. సంక్రాంతి ముందు పంతంగి టోల్‌ప్లాజా దగ్గర క్యూలో ఇరుక్కుంటే గంటలు పెరుగుతాయి కానీ కిలోమీటర్లు పెరగవు.

గాలి దూరం సంగతే వేరు. అది ఏ ప్రయాణికుడూ తిరిగే దూరం కాదు. టికెట్ మీద గంటంపావు అని ఉంటుంది. మియాపూర్‌లో ఉండే మనిషి శంషాబాద్ చేరడానికే గంటకు పైగా పడుతుంది. చెకిన్, సెక్యూరిటీ టెన్షన్ ఎందుకులే అని గంటన్నర, రెండు గంటల ముందే వెళ్తాం. దిగాక బ్యాగు, క్యాబు. కలిపి చూస్తే ఐదు గంటలకు తక్కువ కాదు. 2008లో బేగంపేట నుంచి విమానాలు శంషాబాద్‌కు మారినప్పుడు గాలి దూరం మారలేదు. సికింద్రాబాద్ వాళ్ల ప్రయాణం మాత్రం మారిపోయింది.

2023 సంక్రాంతి రోజున మొదలైన వందే భారత్‌ది రోడ్డు కంటే చుట్టుదారి. వరంగల్ మీదుగా 699 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటలు. అంటే స్టేషన్‌కు వెళ్లి రావడం పక్కన పెడితే, విమానానికీ దానికీ అసలు తేడా మూడున్నర గంటలు. ఆ మూడున్నర గంటలకు ఎంత పెట్టొచ్చన్నదే లెక్క. పండగ వారంలో విమానం రేటు చూశాక ఆ లెక్క చాలామందికి తేలిగ్గానే తేలుతుంది.

ఇప్పుడు బేగంపేట కథ విశాఖ కొత్త విమానాశ్రయం భోగాపురం దగ్గర మళ్లీ వస్తోంది. నౌకాదళ రన్‌వే మీది పాత విమానాశ్రయం విశాఖ నగరంలోని ఎన్ఏడీ కూడలికి కూతవేటు దూరం. భోగాపురం నగరానికి సుమారు 45 కిలోమీటర్లు. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు విమానం ఇంటి ముందుకు వచ్చినట్టే. నగరానికి అవతలి కొసన ఉండే గాజువాక మనిషి మాత్రం తన ఊరు దాటి అంతదూరం పోయి దిగి, నగరమంతా చుట్టి వెనక్కి రావాలి. దానికంటే సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే, తెల్లారేసరికి గాజువాక దగ్గరి దువ్వాడ స్టేషన్‌లో దిగొచ్చు.